టీల్ రంగు ఎవరి కంటిది?

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కొత్తపట్నం తీరాన చేపలమ్ముకునే ముసలమ్మ, తెల్లవారకముందే వచ్చి కొడుకు పడవ కోసం నిలబడిన ఘట్టం నన్ను కదిలించింది. అయితే అక్కడే "టీల్ రంగు సముద్రం" అని రాశావు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే.

టీల్ అనేది ఇంగ్లీషులో మొదట రంగు కాదు, ఒక చిన్న అడవిబాతు. 14వ శతాబ్దం నుంచీ ఆ పక్షికున్న పేరు 20వ శతాబ్దంలో గానీ రంగుకు అంటలేదు. మగపక్షి తల ఎర్రమట్టి రంగులో ఉంటుంది; కంటి దగ్గర మొదలై మెడ వెనక్కి సాగే నిగనిగలాడే పచ్చని పట్టీని బట్టి రంగుకు ఆ పేరు వచ్చింది. ఆ బాతు మనకు పరాయిదేమీ కాదు. ఏటా చలికాలంలో పులికాట్ సరస్సుకు వలస వస్తుంది. (2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ నా తరంవారికి అవి ఇప్పటికీ నెల్లూరు నీళ్లే.) నేను దానిని మొదటిసారి దుర్భిణిలో చూసినప్పుడు ఆ పట్టీ నల్లగా కనిపించింది, పక్షి ఎండవైపు తల తిప్పగానే పచ్చదనం ఒక్కసారిగా వెలిగింది. నాకు ఆ మాట అర్థమైంది ఆ క్షణానే, నిఘంటువులో కాదు.

నేడు కంప్యూటర్ లెక్కలో టీల్ అంటే ఎరుపు సున్నా, పచ్చ 128, నీలం 128. అంటే పచ్చ, నీలం సమపాళ్లలో కలిసిన ముదురు ఛాయ. దానిని వట్టి ఆకుపచ్చ అంటే సగం పోతుంది. చిలకపచ్చ అంటే పూర్తిగా తప్పు. మన "పచ్చ" చాలా విశాలమైన మాట, పచ్చగడ్డినీ పచ్చకామెర్లనూ ఒకే మాటతో చెప్పుకుంటాము. కాబట్టి దానికి ముందు ఆకునో చిలకనో పసుపునో చేర్చక తప్పదు. టీల్‌కు దగ్గరగా మనకున్నది నెమలికంఠం, కాకపోతే అది నీలం వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది. చీరల దుకాణంలో రామా గ్రీన్ అని చూపించేవాటిలో కొన్ని దీనికి చాలా దగ్గర.

ఇక నీ వాక్యం. సూర్యుడు పొడవకముందు సముద్రం బూడిదరంగులోనో నల్లగానో ఉంటుంది, వెలుగు లేనిదే ఆ ఛాయ పుట్టదు. అంతకంటే పెద్ద లోపం, ఆ ఘట్టమంతా ముసలమ్మ కళ్లతో చూపిస్తూ, ఆ ఒక్క మాట దగ్గర నీ ఫోను తెర వెలుగును ఆమె కళ్లలోకి తెచ్చావు. ఆమె నీటిని చూసేది తేటగా ఉందా, కలకబారిందా, పడవ జాడ ఉందా అని. అదే రాయి.

అయితే టీల్‌ను కథ నుంచి తీసేయమనను. మనవరాలు నిశ్చితార్థానికి రవికె గుడ్డను ఫోనులో వెతికే చోట అది ఆ పిల్ల మాటే, ఆమె నోట సహజంగా పలుకుతుంది. ఆ తెరను ముసలమ్మకు చూపించినప్పుడు ఆమె చేత "నెమలికంఠం బాగుందే" అనిపించి చూడు.