‘పక్కనుండే పంపులు’ అని తీసిపారేయకండి

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ మూడో ఏడాది. హైడ్రోజన్‌కి మంచి రోజులొస్తాయని పైచదువుకి ఫ్యూయల్ సెల్ కోర్సు చూశాం. తనేమో అసలు సెల్ వదిలేసి, పక్కనుండే పంపులు, కంప్రెసర్లు, కంట్రోల్స్ మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: రెండూ పోల్చి చెప్తాను గానీ, ముందు ఒక మాట. కోర్సు చూసింది మీరు, చదవాల్సింది తను. ఏమీ అనుకోకండి, ఈ విషయంలో మీకన్నా తనకే ఎక్కువ తెలుసు.

స్టాక్ అంటే హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్స్‌ని వరసగా పేర్చిన దొంతర. అది తనంతట తాను పనిచెయ్యదండీ. లోడు ఉన్నట్టుండి పెరిగితే సెల్‌కి అప్పటికప్పుడు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. కంప్రెసర్ వేగం అందుకునేలోపు గాలి చాలక సెల్ దెబ్బతినొచ్చు. పోనీ ఎప్పుడూ ఎక్కువ గాలే పంపుదామంటే, స్టాక్ ఇచ్చిన కరెంటు కంప్రెసరే తినేస్తుంది, పైగా సెల్ లోపల తడిగా ఉండాల్సిన పొర ఎండిపోతుంది. తడి ఎక్కువైతే నీళ్లు నిలిచి గ్యాస్ దారులు మూసుకుపోతాయి. కూలింగ్ ఇంకో తలనొప్పి. వాహనాల్లో వాడే పీఈఎం స్టాక్ (ఇలాంటి పొర ఉండే రకం) నడిచేది 60-80 డిగ్రీల దగ్గర. ఇంజిన్‌కైతే పొగతో బోలెడు వేడి పోతుంది, ఇక్కడ భారమంతా దాదాపు రేడియేటర్ మీదే. ఒకటి సర్దితే ఇంకోటి చెదురుతుంది. వీటన్నిటినీ అదుపులో పెట్టడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని. 1970లో చంద్రుడి వైపు బయల్దేరిన అపోలో 13 నౌక కరెంటుకి ఫ్యూయల్ సెల్సే వాడింది. దానికి కరెంటు పోయింది కూడా ఆ సెల్స్‌లో లోపం వల్ల కాదు, ఆక్సిజన్ ట్యాంకు పేలి వాటికి ఆక్సిజన్ అందక.

హైడ్రోజన్ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. కార్లలో బ్యాటరీ చాలా ముందుకెళ్లిపోయింది. టొయోటా మిరాయ్ 2014లోనే వచ్చినా, హైడ్రోజన్ నింపే స్టేషన్లు ఇప్పటికీ కొన్నిచోట్లే ఉన్నాయి. లారీల్లో, బ్యాకప్ పవర్‌లో నిలబడుతుందేమో, నేనైతే పందెం కాయను. పేరులో హైడ్రోజన్ ఉన్న కోర్సంటే ముందు సిలబస్ తెరిచి చూస్తాను. కొన్నింట్లో పొగడ్తలే ఉంటాయి, చెయ్యి పెట్టి నేర్చుకునే పని ఉండదు.

మీ అసలు టెన్షన్ హైడ్రోజన్ రాకపోతే పిల్ల గతేంటనే కదా? బ్యాటరీ బండికీ కూలింగ్ కావాలి. కంప్రెసర్లు, సెన్సర్లు, కంట్రోల్ లాజిక్ లేని ప్లాంటు ఎక్కడుంది? స్టాక్ కెమిస్ట్రీలోనే కూరుకుపోతే దారి మార్చడం కష్టం, ఈ పని తెలిస్తే అంత కష్టం కాదు. పోలిక అంతే, భయపడకండి.

గైడ్‌ని తను అడగాల్సింది ఒకటే: లోడు మార్చి చూసే టెస్ట్ బెంచ్ ఉందా? లేకపోతే సిమ్యులేషన్‌తో మొదలుపెట్టమనండి, ఫర్వాలేదు.