పాత కారు పత్రికల కట్ట కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లెనిన్ సెంటర్‌లో పాత కారు పత్రికల కట్ట కొన్నావని మీ అమ్మ ఫోను చేసి వాపోయింది. ఇంట్లో కారు లేదు, వీడికి కారు పుస్తకాలు కావాలట, అని. ఆవిడకు నేను నచ్చజెబుతాను. నువ్వు ముందు ఆ కట్టను మంచం కింద నుంచి తీసి గాలి తగిలే చోట పెట్టు. విజయవాడ వానాకాలపు తేమకు ఆ నున్నటి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీయబోతే బొమ్మలు ఊడివస్తాయి. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి నూలు దారంతో కుట్టుకో.

ఇక చదవడం సంగతి. అట్ట మీది బొమ్మ చూసి మురిసిపోవడం నాలుగు రోజుల ముచ్చట. అసలు రుచి రోడ్ టెస్టుల్లో, అంటే కారును నడిపి చూసి రాసిన పరీక్షల్లో ఉంటుంది. అందులోని అంకెలను మాత్రం అలాగే మింగేయకు. గాలనుకు 30 మైళ్లని ఇంగ్లండు పత్రిక రాస్తే లీటరుకు దాదాపు 10.6 కిలోమీటర్లు, అమెరికా పత్రిక రాస్తే 12.75, ఎందుకంటే వాళ్ల గాలను చిన్నది. అమెరికా కార్ల హార్స్‌పవర్ సంగతీ అంతే. మునుపు ఇంజనును విడిగా, సైలెన్సరు లాంటివేమీ లేకుండా కొలిచి చెప్పేవారు. 1972 మోడళ్ల నుంచి కారులో బిగించే స్థితిలోనే కొలవడం మొదలైంది, కాగితం మీది బలం ఒక్కసారిగా పడిపోయింది. 1971 సంచికనూ 1973 సంచికనూ పక్కపక్కన పెట్టుకుని కంగారు పడకు.

మంచి పరీక్షకులు కారు స్పీడోమీటరును నమ్మేవారు కాదు. వెనక సైకిలు చక్రం లాంటి ఐదో చక్రం కట్టి వేగం కొలిచేవారు. గాలి వాటం లెక్కలోకి రాకుండా ఒకే దారిలో అటూ ఇటూ నడిపి సగటు తీసేవారు. ఇంత చేసినా, కారు ఎవరిచ్చారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1961లో ‘ఆటోకార్’ పత్రిక జాగ్వార్ ఈ-టైప్‌ను గంటకు 150.4 మైళ్ల వేగం అందుకునేలా నడిపింది. ఆ బండి కంపెనీ పంపినది. కొనుక్కున్నవాళ్లలో చాలామందికి అంత వేగం దక్కలేదు. పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు ఆ బండిని ప్రత్యేకంగా తీర్చిదిద్దారన్న మాట నేటికీ వినిపిస్తుంది.

నన్ను ఈ పత్రికలకు కట్టిపడేసింది మాత్రం అంకెలు కాదు. రాసినవాడికి రేపేమవుతుందో తెలియదు, మనకు తెలుసు. 1985లో మద్రాసు నుంచి స్టాండర్డ్ 2000 అనే కారు వచ్చింది. రూపం చూస్తే 1976 నాటి ఇంగ్లండు రోవర్ 3500. ఆ రోవర్‌లో 3528 సీసీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారన్న గౌరవం. మనదాంట్లోనో, 1940లలో పుట్టిన ఇంజనుకు వారసుడు, 1991 సీసీ. కొద్ది ఏళ్లకే ఆ కారు కనుమరుగైంది. ఈ రెండింటి పరీక్షలూ దొరికితే వెంటవెంటనే చదువు. మొదటిదాంట్లో మెచ్చుకున్నవి రెండోదాంట్లో ఎన్ని మిగిలాయో నువ్వే తేల్చుకో. 1984 నాటి కాంటెస్సా కారుదీ ఇదే వరస: ఇంగ్లండు వోక్స్‌హాల్ కారు ఒంట్లో అంబాసిడర్ 1489 సీసీ గుండె. అలాగని అప్పటి రాతల్లోని సంబరాన్ని ఎగతాళి చేయకు. ఏళ్ల తరబడి అంబాసిడర్, ఫియట్ తప్ప పెద్దగా ఎరగని దేశం అది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే చూపు మారడం మొదలైంది.

పరీక్షకుడు దేన్ని వింతగా చెప్పాడో, దేన్ని పట్టించుకోకుండా వదిలేశాడో సన్నగా పెన్సిలు గీత పెట్టుకో. హీటరుకు కూడా వేరే డబ్బు కట్టాల్సిన రోజులుండేవి, ఇంగ్లండు చలిలో! ప్రకటనల పేజీలు చించకు, ధరలన్నీ వాటిలోనే దొరుకుతాయి.

అర్థం కాని భాగం ఎదురైతే ఆటోనగర్‌కు పట్టుకెళ్లు. కార్బురేటర్లతో జీవితం గడిపిన పెద్ద వయసు మెకానిక్కులు ఇంకా ఉన్నారు. భోజనాల వేళ దాటాక వెళితే బొమ్మ చూసి తీరిగ్గా విప్పి చెబుతారు. పత్రికను మాత్రం నువ్వే పట్టుకుని చూపించు, గ్రీజు మరక పడితే పోదు.

నీ కట్టలో స్టాండర్డ్ 2000 పరీక్ష గనక ఉంటే ఫోటో తీసి పంపవద్దు, సంచికే పట్టుకుని గుంటూరు బస్సెక్కు. తిరిగి ఇస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
మామయ్య