బీఫ్ నూడుల్స్ ఇంట్లో చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. అలసిపోయి ఇంటికొచ్చాక వారానికి మూడుసార్లు బీఫ్ నూడుల్స్ ఆర్డర్ పెట్టేస్తున్నాం. ఖర్చు తగ్గిద్దామని ఒకరోజు ఇంట్లోనే చేశాం. తీరా చూస్తే సాసులు, నూనె, మాంసం అన్నీ కలిపి సరుకుల బిల్లు రెండు ఆర్డర్లను మించిపోయింది. ఇదేం ఆదా? ఒకవేళ మిగిలితే ఆ డబ్బు ఏం చేయాలి? క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ కూడా ఉంది.

జవాబు: ఆ బిల్లు ఒక్క పూటది కాదు. అందులో చాలా భాగం ఇప్పటికీ మీ వంటింటి అరలోనే ఉంది. ఇద్దరికి చేసే నూడుల్స్‌లో మూడు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, అంటే 45 మిల్లీలీటర్లు పడుతుంది. అర లీటరు సీసా కొంటే పదకొండు పూటలు వస్తుంది. ఆయిస్టర్ సాస్, కార్న్‌ఫ్లోర్, నువ్వుల నూనె ఇంకా తక్కువ పడతాయి. కాబట్టి సీసా ధర మొత్తాన్ని మొదటి రోజు ఖాతాలో రాయకండి, ఆ పూట వాడినంతకే లెక్క కట్టండి. అయితే ఈ లెక్క ఆ సీసా ఖాళీ అయ్యేదాకా వండేవాళ్లకే పనికొస్తుంది. రెండుసార్లు చేసి మానేస్తే మీరన్నదే నిజం, ఆర్డరే చవక.

అసలు ఖర్చంతా మాంసం దగ్గరే ఉంటుంది. ఇద్దరికి 250 గ్రాముల బీఫ్, 200 గ్రాముల ఎండు నూడుల్స్ చాలు. ఖరీదైన మెత్తటి ముక్క కొనాల్సిన పని లేదు. కాస్త గట్టిగా ఉండే చవక భాగాన్నే తీసుకుని, పీచు ఎటు నడుస్తోందో చూసి దానికి అడ్డంగా పల్చగా కోయండి. ముక్కలకు అర టీస్పూన్ వంట సోడా, రెండు చెంచాల నీళ్లు పట్టించి పావుగంట ఉంచి, బాగా కడిగి తడి ఒత్తేయండి. రెస్టారెంట్ మాంసంలా మెత్తబడుతుంది. పొదుపు గురించి నన్నడిగితే మొదట చెప్పే చిట్కా ఇదే, ఫండ్ల సంగతి తర్వాత. కోసే ఓపిక కూడా లేకపోతే కీమా వాడండి, సోడా అక్కర్లేదు. కీమా మాత్రం లోపలంతా ఎరుపు పోయేదాకా ఉడకాలి.

కిలో ఒకేసారి కొని నాలుగు పొట్లాలు చేసి, పల్చగా పరిచినట్టు ఫ్రీజర్‌లో పెట్టండి. వండే ముందురోజు రాత్రి ఒకటి కింద ఫ్రిజ్‌లోకి మార్చండి, బయట గట్టు మీద వదిలేయొద్దు. మధ్యలో ఇంకా కాస్త బిగుసుకుని ఉన్నప్పుడే కోస్తే ముక్క పల్చగా తెగుతుంది. నాలుగింట్లో ఒక్క పొట్లం పారేసినా, తిన్న మూడింటి మీద మాంసం ఖర్చు మూడో వంతు పెరిగినట్టే. అందుకే డిస్కౌంట్ ఉందని రెండు కిలోలు తెచ్చేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. సోయా సాస్‌లో ఒక చెంచా ఆయిస్టర్ సాస్, కాస్త పంచదార, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, నాలుగు చెంచాల నీళ్లు కలిపి పక్కన పెట్టండి. నూడుల్స్‌ను పొట్లం మీద రాసినదానికంటే ఒక నిమిషం ముందే దించి వార్చేయండి. బాణలి బాగా కాగాక నూనె వేసి, మాంసాన్ని ఒకే వరుసలో పరిచి ఒక నిమిషం కదపకండి. అంతా ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి, వేగడానికి బదులు ఉడుకుతుంది. అది తీసేసి అదే బాణలిలో అల్లం, వెల్లుల్లి, ఉన్న కూరగాయలు రెండు నిమిషాలు వేయించి, నూడుల్స్, మాంసం, సాస్ కలిపేయండి. సాస్ చిక్కబడగానే దించి ఉల్లికాడలు, ఒక టీస్పూన్ నువ్వుల నూనె వేస్తే అయిపోయింది. మొత్తం అరగంట. ఆర్డర్ పెట్టి ఎదురుచూసేది కూడా దాదాపు అంతే. గిన్నెలు తోమడం అదనం, కాదనను.

"నా జీతం ప్రకారం ఆ అరగంట విలువెంత?" అని కొందరు లెక్క వేస్తారు. ఆ అరగంటలో ఎవరైనా మీకు డబ్బిస్తున్నారా? లేదంటే ఆ లెక్క వద్దు.

ఇక అంకెలు. మీ ఆర్డర్ బిల్లు ప్యాకింగ్, డెలివరీ, టిప్ అన్నీ కలిపి 100 అనుకుందాం, ఇంటి ఖర్చు 45 అనుకుందాం. మీ బిల్లులు చూసి అసలు అంకెలు వేసుకోండి. మూడు ఆర్డర్లలో రెండు మాత్రమే మానేయండి. మూడూ మానేస్తామని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నెల తిరక్కుండానే పాత దారికి వస్తారు. నెలకు ఎనిమిది పూటలు, పూటకు 55 చొప్పున 440 మిగులుతుంది. ముందు అది కార్డు బాకీకే పోవాలి. కార్డు వడ్డీని మించే రాబడి ఏ పొదుపులోనూ మామూలుగా దొరకదు. బాకీ తీరాక అదే 440ని నెలనెలా మదుపు చేస్తే, ఏడాదికి 8 శాతం వస్తుందనుకుంటే, పదేళ్లకు సుమారు 80,500 అవుతుంది. మీరు కట్టింది 52,800. ఆ 8 శాతానికి గ్యారంటీ లేదు, అప్పటికి నూడుల్స్ రేటూ ఇలాగే ఉండదు.

వండిన రాత్రి "ఈరోజు ఇంత మిగిలింది" అని విడిగా పక్కన పెట్టడం ఎక్కువ రోజులు సాగదు. జీతం పడ్డ మర్నాడే 440 దానంతటదే బదిలీ అయ్యేలా బ్యాంకులో పెట్టేయండి. ఆ తర్వాత అకౌంట్లో ఉన్నదే ఖర్చుకి. యాప్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. ఉచిత డెలివరీ సభ్యత్వం ఉంటే రద్దు చేయండి, కట్టిన చందా గిట్టుబాటు కావాలని ఇంకో ఆర్డర్ పెట్టించేది అదే.

మిగిలిన ఆ ఒక్క ఆర్డర్‌ను మీ ఇద్దరికీ బాగా అలుపొచ్చే రోజుకు ఉంచుకోండి. దారిలోనే హోటల్ ఉంటే మీరే వెళ్లి తెచ్చుకోండి, డెలివరీ ఖర్చు తప్పుతుంది.