తీసిన వీధిలోనే తెర కట్టండి

"వీధుల్లో ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ల మీద డాక్యుమెంటరీలు తీస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు.

ఉంటుంది. ఎవరికి చూపిస్తారన్నదే అసలు సంగతి.

మాది బరంపురం. ఇక్కడ రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి, అంటే దేశీబెహెరా వీధికి వస్తుంది. దాదాపు నెల రోజులు రాత్రంతా జనమే. ఆ గుంపుల్లో మా చెల్లి కాలేజీ ప్రాజెక్టు కోసం చున్నీ మడతలో ఫోను పెట్టుకుని నడిచింది. పక్కన నేను. అరగంటలో పదకొండు కామెంట్లు. ఒడియాలో మొదలుపెట్టి, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తెలుగులోకి మారారు. భాషా సామరస్యం అంటే ఇదే కాబోలు.

అలా తీసిన వీడియో కాలేజీలో వేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. జడ్జిగా వచ్చిన సారు "బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వీక్‌గా ఉందమ్మా" అని రెండో బహుమతి ఇచ్చాడు. మొదటి బహుమతి చిలికా సరస్సు పక్షుల వీడియోకి! పక్షుల మీద నాకేం కోపం లేదు గానీ, ఆ పూటంతా మండిపోయింది.

తర్వాత ఓ రాత్రి మా వీధిలోనే నాన్న పంచె గోడకి కట్టి వేశాం. ముఖాలన్నీ మసక చేసింది చెల్లి. గొంతుల జోలికి పోలేదు. ముందు వరసలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఎదురింటి అత్త చెయ్యి ఆగిపోయింది. "ఏటిది? మా గుంటడి గొంతు కాదేటి? మళ్లీ పెట్టమ్మా." మళ్లీ పెట్టింది చెల్లి. వాడు వెనక బండి మీదే కూర్చుని ఉన్నాడు. అత్త తిరిగి చూసింది, అంతే. బండి స్టార్ట్ చెయ్యడం కూడా మర్చిపోయి తోసుకుంటూ పోయాడు.

2012లో బ్రసెల్స్‌లో సోఫీ పీటర్స్ అనే విద్యార్థిని తను ఉండే పేటలోనే రహస్య కెమెరాతో నడిచి డాక్యుమెంటరీ తీసింది. టీవీలో వచ్చాక పెద్ద గొడవైంది. ఆ ఏడాదే నగరం ఇలాంటి తిట్లకి 250 యూరోల దాకా జరిమానా పెట్టింది, 2014లో బెల్జియం ఏకంగా చట్టం చేసింది. మనకి చట్టం ఎప్పటినుంచో ఉంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్‌లో పాడు మాటకీ సైగకీ మూడేళ్ల దాకా జైలని రాసి ఉంది. స్టేషన్‌కి వెళ్లేదెవరు? మేం నాన్నకే చెప్పలేదు, పంచె అడిగేదాకా. పైగా దీనికి 'ఈవ్ టీజింగ్' అని ముద్దుపేరొకటి. నడుం గిల్లితే టీజింగా?

ఆ రాత్రి నుంచి మా వీధి మలుపులో ఈలలు ఆగాయి. వేరే వీధుల సంగతి అడగకండి, అక్కడ మేం పంచె కట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త గిన్నెతో చిక్కుడుకాయ కూర పట్టుకొచ్చింది. చెల్లి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అంది: "వాడికి సంబంధాలు చూస్తున్నామే తల్లీ. ఆ ముక్క చెరిపేద్దూ."

కూర బాగుంది. ముక్క ఇంకా చెల్లి ఫోన్లోనే ఉంది.