మచ్చడు వచ్చాడా, వచ్చిందా?

సందేహం: నేను తిరుపతిలో ఒక బడిలో తెలుగు చెబుతాను. పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. మనుషులు ఇంకా పుట్టని కాలం. తెలివీ మాటా ఉన్న అడవిపిల్లుల గుంపు ఒకటి ఒక నీటిమడుగును కాపలా కాస్తుంటుంది. కథానాయిక తెల్లచెవి అనే ఆడపిల్లి. దాని అన్న పేరు మచ్చడు. ‘మచ్చడు వచ్చాడు’, ‘వాళ్ళు పరిగెత్తారు’ అని నేను రాస్తే, రాతప్రతి చదివిన మిత్రులు ఒకరు అవన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘వచ్చింది’, ‘పరిగెత్తాయి’ అని దిద్దారు. జంతువులకు అలాగే రాయాలట. ఎవరిది సరి? కత్తుల్లాంటి కోరలున్న పాతకాలపు జంతువును పులి అనాలా, పిల్లి అనాలా? సంభాషణల్లో మన చిత్తూరు యాస పెట్టవచ్చా?

సమాధానం: అమ్మా, మీ మిత్రుడు దిద్దింది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కాకపోతే ఆయన సూత్రం దగ్గరే ఆగిపోయారు, వాడుక దాకా రాలేదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) లెక్కలో స్త్రీలు, తిర్యక్కులు, జడాలు పోగా మిగిలినవి మహత్తులు. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులు. మహత్తుకు ‘వచ్చాడు’, మహత్తు కాని అమహత్తుకు ‘వచ్చింది’. కాబట్టి పిల్లి ఎంత తెలివిగలదైనా అమహత్తే. వాడుక కూడా మామూలుగా ఇదే దారిలో నడుస్తుంది. అలిపిరి నడకదారిలో చిరుత కనబడితే ఊరంతా ‘చిరుత వచ్చింది’ అనే అంటుంది. మగదా ఆడదా అని ఎవరూ ఆరా తీయరు. శ్రీకాళహస్తి స్థలపురాణం చెప్పేవాళ్ళూ అంతే. సాలెపురుగు గూడు అల్లింది, పాము మణులు తెచ్చి పెట్టింది, ఏనుగు ఆ మణుల్ని తోసేసి మారేడు పత్రి వేసింది అంటారు. ఆ మూడూ శివుడిలో కలిసిపోయినా వాటి క్రియ మాత్రం మారలేదు. అంటే తెలివిని చూసో, భక్తిని చూసో తెలుగు క్రియ లింగం మార్చుకోదు.

మరి దేన్ని చూసి మార్చుకుంటుంది? పేరును, చుట్టరికాన్ని చూసి. ‘కోతి కొబ్బరిచిప్ప ఎత్తుకుపోయింది’ అన్న నోటితోనే ‘హనుమంతుడు సముద్రం దాటాడు’ అంటాం. వాలి పేరు చివర డుకారం లేదు. అయినా తమ్ముడూ భార్యా రాజ్యమూ ఉన్నాయి గనక ‘వాలి వచ్చాడు’. జటాయువు దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడుతుంది. ‘రావణుడితో పోరాడాడు’ అనేవాళ్ళున్నారు, ‘పోరాడింది’ అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన దశరథుడి స్నేహితుడే గానీ, మన కళ్ళకు ఎక్కువగా రెక్కలు తెగి పడి ఉన్న పక్షిగానే కనబడతాడు. చూశారా, నేను కూడా ‘కనబడతాడు’ అనేశాను! పిల్లల కథల్లో ‘నక్క వచ్చింది’ అన్న నక్కే, బావ అయ్యేసరికి ‘నక్కబావ వచ్చాడు’ అవుతుంది. జంతువు అదే, మధ్యలో చేరింది చుట్టరికం ఒక్కటే.

ఈ లెక్కన మచ్చడు వచ్చాడు. ‘మచ్చడు వచ్చింది’ అంటే చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ మీ మిత్రుడి ఎర్ర ఇంకు చెల్లదు. చిన్నయసూరి స్వయంగా నీతిచంద్రికలో కాకికి లఘుపతనకమని ముకారంతో పేరుంచారు, పావురాల రాజుకు చిత్రగ్రీవుడని డుకారంతో ఉంచారు. ఒకే కథలో రెండు రకాలూ ఉన్నాయి.

అయితే ఆయనకు మీకున్నంత టెన్షన్ లేదు. కారణం చెబుతాను. మన పాత భాషలో భూతకాలపు క్రియ ఏకవచనంలో లింగభేదం చూపదు. రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఆవు వచ్చెను. ముగ్గురికీ ఒకటే రూపం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ఈ పద్యం మీ పక్క ఊరి దేవుడి మీదదే, మీకు నోటికి వచ్చే ఉంటుంది: ‘ఏ వేదంబు పఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ చూచె, దా నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి, చెం చే మంత్ర మూహించె’. లూత అంటే సాలెపురుగు, భుజగం పాము, కరి ఏనుగు. చివరి చెంచు మన తిన్నడు, అంటే కన్నప్ప. పఠించె, చూచె, ఒనర్చె, ఊహించె: పురుగుకూ మనిషికీ ఒకే అచ్చు. దీన్ని ఇప్పటి తెలుగులో చెప్పి చూడండి. సాలెపురుగు ఏ వేదం చదివింది, పాము ఏ శాస్త్రం చూసింది, ఏనుగు ఏ విద్య నేర్చింది, చెంచు ఏ మంత్రం ఊహించాడు. నాలుగో వాక్యంలో మనిషి వరుస తప్పించుకుని పక్కకు జరిగిపోయాడు. ధూర్జటి అలా జరగనివ్వలేదు. చివరి పాదంలో అందరినీ కలిపి ‘జంతుతతి’ అన్నాడు. జంతువంటే పుట్టినది అని మూలార్థం, అందులో తిన్నడూ ఉన్నాడు. ఈ సౌకర్యం మనం పోగొట్టుకున్నాం. ‘వచ్చాడు, వచ్చింది’ అనగానే ఇప్పటి రచయిత ఒక పక్షం ఎంచుకోక తప్పదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని అసలు చిక్కు. మచ్చడి గురించి మీకు బెంగ పట్టుకుంది గానీ, పొరపాటు జరిగింది తెల్లచెవి దగ్గర. ‘దాని అన్న పేరు మచ్చడు’ అని రాశారు. అన్న ‘వచ్చాడు’, చెల్లెలేమో ‘అది’. క్రియలో ఈ తేడా బయటపడదు. ఆమె వచ్చింది, అది వచ్చింది, రెంటికీ ఒకటే రూపం కదా. సర్వనామం దగ్గర దొరికిపోతారు. అన్నకు మనిషి హోదా ఇచ్చి చెల్లెల్ని జంతువుగానే ఉంచేశారు. అదీ కథానాయికను! మీరనే కాదు, జంతువుల కథలు రాసే చాలామంది ఇక్కడే జారుతుంటారు. ‘వచ్చింది’ అన్న మాట ఇద్దరికీ సరిపోతుంది గనక ఎవరూ పట్టించుకోరు. మచ్చడు ‘వాడు’ లేదా ‘అతను’ అయితే తెల్లచెవి ‘ఆమె’ కావలసిందే. ‘ఆమె’ మరీ పెద్దరికంగా ఉందనిపిస్తే పేరే మళ్ళీ మళ్ళీ రాయండి. పిల్లల పుస్తకంలో అది బాగానే ఉంటుంది.

బహువచనంలో మాత్రం తప్పించుకునే దారి లేదు. పాత భాషలో కూడా చెంచులు వచ్చిరి, ఏనుగులు వచ్చెను అని వేరువేరుగానే ఉండేది. స్త్రీలు ఏకవచనంలో అమహత్తుల వైపు, బహువచనంలో మహత్తుల వైపు ఉంటారు. తెల్లచెవి ఒక్కతే అయితే ‘వచ్చింది’, అక్కచెల్లెళ్ళతో కలిస్తే ‘వచ్చారు’. కాబట్టి మీ గుంపుకు ‘వాళ్ళు పరిగెత్తారు’ సరైనదే, ఒక షరతు మీద. మాట రాని పిల్లులు కూడా మీ కథలో ఉంటే వాటికి ‘అవి పరిగెత్తాయి’ అనే ఉంచండి. తెల్లచెవి కళ్ళతో చూసినంతసేపూ అవతలి గుంపు ‘అవి’. వాటిలో ఒకటి ఆలోచించగలదని ఆమెకు అనుమానం వచ్చిన అధ్యాయంలో ‘అవి నీళ్ళు తాగాయి’ అన్న మీరే ‘వాళ్ళు ఆగారు’ అని రాయండి. ఏ వివరణా ఇవ్వకండి. తెలుగు చదివే పిల్ల ఎవరైనా అక్కడ టక్కున ఆగుతుంది. నేనైతే నవల మొత్తం ఈ ఒక్క మలుపు కోసమే రాసేవాణ్ణి.

ఎటూ తేల్చుకోలేని వాక్యాలు కొన్ని వస్తాయి. పొదలో కదిలింది స్నేహితుడో శత్రువో ఇంకా చెప్పకూడదనుకోండి. అప్పుడు వ్యతిరేక క్రియ ఆదుకుంటుంది. రాలేదు, కదల్లేదు, చూడలేదు అన్నవి అన్ని లింగాలకూ, రెండు వచనాలకూ సరిపోతాయి. వచ్చి, వస్తూ, వచ్చిన లాంటివీ అంతే. పెద్ద పిల్లి ఎవరైనా గుంపుకు నాయకుడైతే ‘ఆయన వచ్చారు’ అనవచ్చు. ‘గారు’ మాత్రం తగిలించకండి. ‘పులిగారు’ అనగానే పిల్లలు నవ్వుతారు. మీది నవ్వించే నవల కాదనుకుంటాను.

ప్రూఫులు మీరే చూసుకోండి. ‘ఆడపిల్లి’ని ‘ఆడపిల్ల’గా దిద్దేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

పులా, పిల్లా అన్నదానికి పొట్టి జవాబు: పులి అనవచ్చు. కత్తికోరల జంతువులు ఇప్పటి పెద్దపులికి పూర్వీకులు కావు. పిల్లుల కుటుంబంలోనే వేరే శాఖ. కానీ తెలుగులో పులి అన్నది ఒక్క జంతువు పేరు కాదు. పెద్దపులి ఉంది, చిరుతపులి ఉంది, కత్తికోరల పులి కూడా అందులో ఇమిడిపోతుంది. మన పేర్లు శాస్త్రాన్ని చూసి పెట్టినవి కావు, ఆకారం చూసి పెట్టినవి. తిరుమల స్వామికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే తైలం పునుగుపిల్లిది. ఆ పునుగుపిల్లి అసలు పిల్లుల కుటుంబానికే చెందదు. అలాగని దాని పేరు మార్చమని ఎవరూ అడగలేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. కత్తికోరల పులుల్లో అందరికీ తెలిసిన స్మైలోడాన్ అమెరికా ఖండాల జంతువు. సుమారు 10 వేల ఏళ్ల కిందట అంతరించింది, అప్పటికే అక్కడ మనుషులున్నారు. మీ కథలో మనిషే ఉండకూడదంటే కాలాన్ని లక్షల ఏళ్లు వెనక్కి జరపాలి.

చిత్తూరు యాస సంభాషణల్లో నిక్షేపంగా పెట్టండి. తల్లిపిల్లి కూతుర్ని ‘ఏమ్మే, యాడికి పోతా ఉండావు’ అని అడిగితే తిరుపతి పిల్లలకు ఇంట్లో మాట విన్నట్టే ఉంటుంది. అయితే లింగం చిక్కు యాసతో తీరుతుందనుకోకండి. మన ‘ఉండాడు, ఉండాది’ కూడా అక్కడికక్కడే చీలిపోతాయి. ‘మచ్చడు యాడ ఉండాడు’ అని తల్లి అడిగితే, కథనంలో మీరు ‘మచ్చడు కనబడలేదు’ అని రాసుకోవచ్చు.