గ్రీన్‌కార్డు వచ్చింది సరే, ముందు పాప స్కూలు సంగతి చూడండి

డాలస్‌లో గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్, ఈమధ్యే గ్రీన్‌కార్డు వచ్చింది, లైసెన్స్ లేకుండా పిస్టల్ వెంట పెట్టుకోవచ్చంటున్నారు నిజమేనా అని అడిగారు కదా బ్రదర్. నిజమే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకి ఆ లైసెన్స్ తప్పనిసరి కాదు. కానీ డ్యూటీ దిగి అటునుంచి అటే పాపని స్కూల్లో దింపుతానన్నారు చూడండి, చిక్కంతా అక్కడుంది. స్కూలు చుట్టూ 1000 అడుగుల లోపల, మీరు రోడ్డు మీద కారులో ఉన్నా సరే, తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ చట్టం (దేశమంతటికీ ఉండేది) వర్తిస్తుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే మినహాయింపు, లేకపోతే తూటాలు తీసేసి తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. అందుకే లైసెన్స్ తీసుకోండి, స్కూలు బిల్డింగులోకి మాత్రం లైసెన్స్ ఉన్నా పిస్టల్ తీసుకెళ్లొద్దు. షాపు తలుపు మీద 30.06 అని రాసిన బోర్డు ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా పిస్టల్ దాచుకుని లోపలికి వెళ్లకూడదు.

నాకు అసలు టెన్షన్ మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న బావమరిది గురించి. ఎఫ్-1 (స్టూడెంట్), హెచ్-1బి (ఉద్యోగం) లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా, తుపాకీయే కాదు ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి పిస్టల్ చేతికిచ్చి ఫోటో తీయకండి, ఆ ఒక్క ఫోటోతో పిల్లాడి చదువు పోవచ్చు. సేఫ్ తాళం మీ జేబులోనే ఉండాలి, పాపకీ అందకూడదు.

కొనేముందు మీ ఓనర్‌ని అడగండి, ఆయన వద్దంటే షాపులోకి తేలేరు. ఎవడైనా బెదిరించి గల్లా అడిగితే ఇచ్చేయండి బ్రదర్, ఆ డబ్బు మీది కాదు.