నల్ల గుర్రాలు ఎక్కడికెళ్ళాలో ముందు బంట్లని అడగండి

ప్రశ్న: సర్, ఆఫీసయ్యాక ఆన్‌లైన్‌లో చెస్ ఆడుతుంటాను. బ్లాక్ వస్తే ఏం ఆలోచించకుండా గుర్రాల్ని ఎఫ్6, సి6లో పెట్టేస్తా, చిన్నప్పుడు అలాగే నేర్పారు. ఇ4 ఆడేవాళ్ళతో బాగానే ఉంటుంది కానీ డి4 వాళ్ళతో పదో ఎత్తు దాటేసరికి ఊపిరాడదు. ఎక్కడ తేడా కొడుతోందంటారు?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నేర్పినవాళ్ళ తప్పేం లేదండీ, అది ఇ4 ఇ5 ఆటలకి, అంటే ఇద్దరూ రాజు ముందు బంటుని రెండు గడులు తోసే ఆటలకి, చెప్పే మాట (గడి పేరులో అక్షరం నిలువు వరసది, అంకె అడ్డ వరసది). అక్కడ తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి మీ ఇ5 బంటు మీద పడుతుంది, దాన్ని కాసుకోవాలి కదా, గుర్రం సి6కి వస్తే ఆ కాపలా కాస్తూనే డి4 మీద కూడా ఓ కన్నేస్తుంది. పైగా ఆ ఆటల్లో సి బంటుకి మొదట్లో అంత తొందరేం ఉండదు.

డి4 డి5, సి4 ఇ6 అని మొదలైతే, అంటే క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ అనే ఓపెనింగ్‌లో, కథ వేరు. ఇక్కడ బ్లాక్‌కి ఊపిరి పోసేదే సి5, ఇవాళ కాకపోతే రేపైనా ఆ బంటు కదలాల్సిందే. మీరు సి6లో గుర్రం పెట్టారంటే గేటుకి అడ్డంగా బండి పార్క్ చేసినట్టే, సి7 బంటు బయటికి రాలేదు, ఇ6లో మీ బంటే ఉంది కాబట్టి సి8 బిషప్‌కీ అటు దారి లేదు, తెల్లవాడు తాపీగా ఏనుగుని సి1కి తెచ్చుకుని ఆ ఫైల్ మీద, అంటే ఆ నిలువు వరస మీద, కూర్చుంటాడు. మీ ఇబ్బంది దాదాపు ఇదే అయ్యుంటుంది. అందుకే ఈ ఓపెనింగ్‌లో ఆ గుర్రం డి7కి వెళ్తుంది. చూడ్డానికి డల్‌గా ఉంటుంది, బిషప్‌కి కాసేపు అడ్డం కూడా, కాదనను, కానీ సి5కి సపోర్టు ఇస్తుంది, ఎఫ్6 గుర్రాన్ని జి5లో ఉన్న తెల్ల బిషప్ కొట్టేస్తే ఇదొచ్చి అదే గడిలో కూర్చుంటుంది, మీ బంట్లు చెదరవు.

ఇందులోనే ఓ సరదా ట్రాప్ కూడా ఉంది. తెల్ల గుర్రం సి3లో, బిషప్ జి5లో, మీ గుర్రాలు ఎఫ్6, డి7లో ఉన్నాయనుకోండి. తెల్లవాడు సి బంటుతో డి5లో కొట్టాడు, మీరు ఇ బంటుతో కొట్టారు, ఎఫ్6 గుర్రం పిన్‌లో ఉంది కదా, కదిలితే వెనకున్న క్వీన్ పోతుంది, కదల్లేదులే అనుకుని వాడు గుర్రంతో డి5 బంటుని తినేస్తాడు. మీరు ఎఫ్6 గుర్రంతో ఆ గుర్రాన్ని కొట్టెయ్యండి, క్వీన్ పోతుంది, పోనివ్వండి. వెంటనే బి4లో బిషప్ చెక్, వాడికి క్వీన్‌ని డి2లో అడ్డం పెట్టడం తప్ప గతి లేదు. లెక్కలన్నీ అయ్యాక మీకు ఒక బంటు తక్కువ, ఒక గుర్రం ఎక్కువ. బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆటల్లో, ఇప్పటికీ పడుతూనే ఉంటారు జనం.

కాబట్టి సి6లో గుర్రం పెట్టే ముందు సి బంటు సంగతేంటని చూసుకోండి. సిసిలియన్ ఓపెనింగ్‌లో అది ముందే సి5కి వెళ్ళిపోయింది, గుర్రం హాయిగా సి6కి రావచ్చు. కారో-కాన్, స్లావ్ డిఫెన్స్‌లలో సి6లో బంటే కూర్చుంది, ఇక ఎక్కువసార్లు డి7యే దిక్కు. సి బంటు వెనకే ఉండగా గుర్రం సి6కి వచ్చే చిగోరిన్ డిఫెన్స్ కూడా ఉంది, డి4 డి5, సి4 అనగానే గుర్రం సి6, కానీ అది వేరే ప్లాన్, జి4కి బిషప్ తెచ్చి ఇ5 కొట్టాలన్న ఉద్దేశంతో ఆడేది. 1990లలో రష్యా గ్రాండ్‌మాస్టర్ మొరొజెవిచ్ దాన్ని పెద్ద టోర్నీల్లోనే ఆడాడు. ఆ ప్లాన్ లేకుండా గుర్రాన్ని మాత్రం అక్కడ పెడితే మళ్ళీ మీ పాత కష్టమే.

ప్రశ్న: మా అమ్మాయి బ్లాక్ వస్తే ఫ్రెంచ్ డిఫెన్స్ (ఇ4కి ఇ6) ఆడుతుందండీ. తెల్లవాళ్ళు ఇ5కి బంటు తోసేశాక రెండో గుర్రాన్ని హెచ్6లో పెడుతోంది. గుర్రం అంచుకి వెళ్ళకూడదంటారు కదా, మాన్పించాలా?
— ఒక అమ్మ, రాజమండ్రి

జవాబు: మాన్పించకండమ్మా, పిల్ల కరెక్టుగానే ఆడుతోంది. ఎఫ్6లో గుర్రానికి ఎనిమిది గడులు, హెచ్6లో నాలుగే, ఆ మాట పుట్టింది అందుకే. కానీ ఇ5లో తెల్ల బంటు ఉంటే ఎఫ్6కి పోగానే తినేస్తుంది, మరి వెళ్ళేదెక్కడికి? ఆ గుర్రానికి అసలు కావాల్సింది ఎఫ్5, అక్కడినుంచి డి4 బంటు మీద పడాలి. సి5 బంటు, సి6 గుర్రం, బి6 క్వీన్, ఎఫ్5 గుర్రం, నాలుగూ డి4నే చూస్తుంటే తెల్లవాడికి కాపలా కాయడమే పనైపోతుంది. ఎఫ్5కి హెచ్6 మీదుగా పోవచ్చు, ఇ7 మీదుగా పోవచ్చు. ఇ7 అయితే ఎఫ్8 బిషప్‌కి కాసేపు అడ్డం, హెచ్6 అయితే తెల్ల బిషప్ వచ్చి కొట్టి మన బంట్లని చెడగొడుతుందన్న భయం. కానీ ఆ బిషప్ సి1 వదిలిందంటే బి2 బంటుకి కాపలా పోతుంది, పైగా మనం జి బంటుతో కొడితే జి ఫైల్ మన ఏనుగుకి తెరుచుకుంటుంది, అంత నష్టమేం కాదు. గుర్రం ఎఫ్5కి చేరాక జి4తో తరుముతారు, దానికి ముందే హెచ్5 తోసి పెట్టుకోమని మాత్రం చెప్పండి.

అంచు గుర్రమంటే 1972లో రేక్యవిక్‌లో ఫిషర్, స్పాస్కీ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ మూడో గేమ్ చూపించండి మీ అమ్మాయికి. ఫిషర్ అప్పటికి 2-0 వెనకున్నాడు, బెనోనీ ఓపెనింగ్‌లో పదకొండో ఎత్తుకి గుర్రాన్ని ఎఫ్6 నుంచి హెచ్5కి తీసుకెళ్ళాడు, స్పాస్కీ బిషప్‌తో కొడితే రాజు ముందు బంట్లు చెదిరిపోతాయని తెలిసి కూడా. కొట్టాడు, చెదిరాయి, అయినా ఫిషరే గెలిచాడు, స్పాస్కీ మీద అదే అతని మొదటి గెలుపు. ఇంకో గుర్రం డి7లో రెడీగా ఉండి రెండు ఎత్తుల్లోపే ఇ5కి వచ్చేసింది, ఆ వెనకే క్వీన్ హెచ్4కి. ఆ డి7 గుర్రాన్ని గమనించకుండా హెచ్5 ఒక్కటే కాపీ కొడితే మాత్రం ఓడిపోతాం.

ప్రశ్న: అంకుల్, నేను ఏడో క్లాస్. ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6, వాడు నా బంటు తిన్నాడు, నేనూ వాడి బంటు తిన్నా. తర్వాత నా క్వీన్ పోయింది. ఎందుకు?

జవాబు: వాడు క్వీన్‌ని ఇ2కి తెచ్చాడు, నువ్వు ఇ4 గుర్రాన్ని కంగారుగా ఎఫ్6కి వెనక్కి లాగావు, అంతేనా? అప్పుడు ఇ5లో ఉన్న తెల్ల గుర్రం సి6కి దూకితే వెనకున్న క్వీన్ నుంచి నీ రాజుకి చెక్, ఆ గుర్రమేమో నీ క్వీన్ మీద. చెక్ తప్పించుకుంటావు, క్వీన్ పోతుంది. ఈసారి వాడు ఇ5లో బంటు తినగానే ముందు డి6 తోసి ఆ గుర్రాన్ని తరుము నాన్నా, అది ఎఫ్3కి వెళ్ళాక అప్పుడు నీ గుర్రంతో ఇ4 బంటు తిను.